తీర్పు హేగ్‌లో, తూము తాళం ఇంకెవరి దగ్గరో

కేసీ కెనాల్ చివరి ఆయకట్టులో మా చిన్నాయనకు మూడెకరాల మాగాణి ఉంది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలయ్యే ఈ కాలువ కర్నూలు ఊరి మధ్య నుంచి, నంద్యాల మీదుగా 300 కిలోమీటర్లకు పైగా సాగి కడప దాకా వస్తుంది. వస్తుంది అనేది కాగితం మీది మాట. పోయినసారి నేను ఊరికి పోయినప్పుడు ఇద్దరం పొద్దున్నే తూము దగ్గర నిలబడ్డాం. గేజి రాయి మీద అంకెలన్నీ అడుగుదాకా చదువుకోవచ్చు, కాలువ అంతగా ఎండిపోయింది. గుంటలో కాసిని నీళ్లు, అందులో తెగిన చెప్పొకటి. తూములు తిప్పి నీళ్లు వదిలే లస్కరు బండి ఆపి, "పైన ఇడిసినారంట, రెండు దినాల్లో వచ్చాయి" అన్నాడు. ముందటి వారం కూడా అదే చెప్పినాడట.

"కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ మన కాలువకు 39.9 టీఎంసీలు రాసిచ్చింది" అన్నాడు చిన్నాయన, ఆ గేజి రాయికి చెబుతున్నట్టు. "రాసిచ్చినోళ్లు రాసిచ్చి పోయినారు. తూము తాళం వాళ్ల దగ్గర ఉంటే కదా."

దేశాల మధ్య పర్యావరణ గొడవల్లో అంతర్జాతీయ కోర్టులు ఎంతవరకు పనికొస్తున్నాయో రాస్తున్నానని ఆయనతో చెప్పాను. నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో 15 మంది జడ్జీలతో ఐక్యరాజ్యసమితి కోర్టు ఉంది, దాన్ని అంతర్జాతీయ న్యాయస్థానం అంటారు, సముద్రాల గొడవలకు హాంబర్గ్‌లో వేరే ట్రిబ్యునల్ ఉంది, ఇవి కాక కేసును బట్టి కూర్చునే ఆర్బిట్రేషన్ (మధ్యవర్తుల) బెంచీలు ఉన్నాయి అని నేను ఏకరువు పెడుతుంటే ఆయన ఒక్కటే అడిగాడు.

"వాళ్లకు లస్కరు ఎవరు?"

అంతర్జాతీయ న్యాయం మీద నేను చదివినదంతా ఆ రోజు నుంచి ఈ ఒక్క ప్రశ్న పెట్టుకుని మళ్లీ చూశాను.

అసలు కేసు కోర్టు గడప తొక్కడమే ఒక ప్రహసనం. మన పల్లెల్లో పెద్దమనుషుల పంచాయితీ గుర్తుందా? ఇరుపక్షాలూ "మీరు చెప్పినట్టు వింటాం" అని ముచ్చలిక రాసిస్తేనే పెద్దమనుషులు రచ్చకట్ట ఎక్కేవాళ్లు. ఒకడు రానంటే పంచాయితీయే లేదు. హేగ్ కోర్టు పరిస్థితీ అదే. ఏ దేశాన్నీ దాని ఇష్టం లేకుండా బోనెక్కించే అధికారం దానికి లేదు. ఏ గొడవొచ్చినా హాజరవుతామని ముందుగానే ముచ్చలిక రాసిచ్చిన దేశాలు 70కి పైగా ఉన్నాయి. మన దేశం కూడా రాసిచ్చింది, బోలెడు మినహాయింపులతో. 2019లో కొత్తగా ఇచ్చిన ప్రకటనలోనూ కామన్వెల్త్ దేశాలతో వచ్చే గొడవలను బయటే ఉంచాం. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు అన్నీ కామన్వెల్త్‌లోవే.

చైనా అయితే ముచ్చలిక జోలికే పోలేదు. బ్రహ్మపుత్ర ఎగువన, టిబెట్‌లోని మెదోగ్ ప్రాంతంలో 2025 జూలైలో ఆ దేశం భారీ జలవిద్యుత్ ప్రాజెక్టు పని మొదలుపెట్టింది. రేపు అస్సాంలో ఏదన్నా తేడా వస్తే చైనాను ఏ కోర్టుకు లాగాలి? లాగగలిగే కోర్టు లేదు. దేశాలు దాటి పారే నదుల కోసం 1997లో ఐక్యరాజ్యసమితి ఒక ఒప్పందం తెచ్చినప్పుడు చైనా వ్యతిరేకంగా ఓటేసింది. మనం తటస్థంగా కూర్చున్నాం. ఎగువన ఉన్నవాడికి కోర్టు అక్కర్లేదు. మనం ఒకచోట దిగువన, ఇంకోచోట ఎగువన ఉన్నాం కాబట్టి ఎటూ తేల్చుకోలేకపోయాం అని నా అనుమానం.

ఇంకో ముచ్చట. 1993లో హేగ్ కోర్టు పర్యావరణ కేసుల కోసమే ఏడుగురు జడ్జీల ప్రత్యేక బెంచి పెట్టింది. 13 ఏళ్లు దుకాణం తెరిచి కూర్చుంటే ఒక్క బేరం రాలేదు. 2006లో మూసేశారు. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. తమ కేసు పర్యావరణ కేసు అని రెండు దేశాలూ ఒప్పుకోవడం అరుదు. ఒకరికి అది నది చచ్చిపోవడం, రెండోవాళ్లకు అది ఒప్పంద ఉల్లంఘన, లేదా సరిహద్దు, లేదా కరెంటు. ఏ బెంచికి పోవాలన్న దగ్గరే కొట్లాట మొదలవుతుంది.

ఇక కేసు నిజంగా తేలిన చోటికి వస్తే, అన్నిటికన్నా పాతదే నాకు అన్నిటికన్నా నచ్చింది. కెనడాలో సరిహద్దుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ట్రెయిల్ అనే ఊరుంది. అక్కడ సీసం, జింకు కరిగించే పెద్ద కర్మాగారం. 1920ల్లో 400 అడుగులకు పైబడిన చిమ్నీలు లేపారు. గంధకపు పొగ కొలంబియా నది లోయ పట్టుకుని అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం పొలాల మీదికి దిగింది. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకుని ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్ వేసుకున్నాయి. 1938లో ఆ ట్రిబ్యునల్ 78,000 డాలర్ల పరిహారం ఇమ్మంది. 1941లో తుది తీర్పు ఇస్తూ, తన నేల మీద నుంచి పొగ పంపి పక్క దేశానికి తీవ్రమైన నష్టం చేసే హక్కు ఏ దేశానికీ లేదని తేల్చింది. న్యాయశాస్త్రం పుస్తకాలన్నీ ఈ వాక్యాన్నే ఎత్తి చూపుతాయి.

నాకు ముఖ్యమనిపించింది ఆ తర్వాతి భాగం. ట్రిబ్యునల్ అంతటితో లేచి పోలేదు. గాలి ఎటు వీస్తోంది, పంట ఏ దశలో ఉంది అన్నదాన్ని బట్టి గంటకు ఎంత పొగ వదలొచ్చో పట్టిక వేసింది. పొగలో గంధకం ఎంతుందో నమోదు చేసే యంత్రాలు పెట్టించింది. అంటే తీర్పుతో పాటే లస్కరును కూడా నియమించి పోయింది. కంపెనీ అయితే తుది తీర్పుకు ముందు నుంచే, చిమ్నీలోంచి పోయే గంధకాన్ని పట్టి ఎరువుల తయారీకి వాడుకుంది!

దీనికి సరిగ్గా ఎదురుగా డాన్యూబ్ నది కేసు నిలబడుతుంది. 1977లో హంగేరి, అప్పటి చెకోస్లొవేకియా కలిసి డాన్యూబ్ మీద జంట ప్రాజెక్టులకు సంతకాలు చేశాయి. ఎగువన గాబ్చికొవో, దిగువన హంగేరిలో నాజ్‌మరోష్. పదేళ్లు తిరిగేసరికి తాగునీళ్లు పాడవుతాయని, తడినేలలు ఎండిపోతాయని బుడాపెస్ట్‌లో జనం రోడ్డెక్కారు. 1989లో హంగేరి తన వైపు పని ఆపేసింది. 1992 మేలో ఒప్పందమే రద్దు అంది. అవతలివాళ్లు అప్పటికే కోట్లు పోసి కట్టేసుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో తమ భూభాగంలోనే వేరే ఆనకట్ట వేసి డాన్యూబ్‌ను తమ కాలువలోకి తిప్పేశారు. పాత నదీమార్గంలో పారాల్సిన నీటిలో 80 నుంచి 90 శాతం పక్కకు పోయింది.

1993లో చెకోస్లొవేకియా రెండుగా విడిపోయి, ఈ గొడవ స్లొవేకియా వంతుకు వచ్చింది. హంగేరి, స్లొవేకియా కలిసే హేగ్ వెళ్లాయి, అందుకు మెచ్చుకోవాలి. 1997 ఏప్రిల్‌లో జడ్జీలు నది దగ్గరికే వచ్చి చూశారు. కోర్టు చరిత్రలో అలా స్థలానికి వెళ్లడం అదే మొదటిసారి. సెప్టెంబరులో తీర్పొచ్చింది. పని ఆపడం హంగేరి తప్పు, నదిని మళ్లించడం స్లొవేకియా తప్పు, ఒప్పందం ఇంకా బతికే ఉంది, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. మాట్లాడుకుంటే కుదిరేదైతే హేగ్ దాకా ఎందుకు వస్తారు అని ఎవరికైనా అనిపిస్తుంది. మరుసటి ఏడాదే స్లొవేకియా మళ్లీ వెళ్లి, హంగేరి తీర్పు అమలు చేయడం లేదు, ఇంకో తీర్పు ఇవ్వండి అంది. ఆ అర్జీ 2017 దాకా అలాగే ఉండి, చివరికి స్లొవేకియానే వద్దనుకుంది. ఎగువవాడు గేటు దించేశాక దిగువవాడి చేతిలో తీర్పున్నా ఒకటే, నిరుడు తిరునాళ్ల టికెట్టున్నా ఒకటే.

ఈ తీర్పులో మనవాళ్లు చదవాల్సిన ముక్క ఒకటుంది. శ్రీలంకకు చెందిన జడ్జి వీరమంత్రి విడిగా రాసిన అభిప్రాయంలో, ప్రకృతిని కాపాడుకుంటూ అభివృద్ధి చెందడమనే ఆలోచన పడమటి దేశాలు నిన్నమొన్న కనిపెట్టింది కాదంటూ సింహళ రాజుల చెరువుల గురించి పేజీలకు పేజీలు రాశారు. వాన నీళ్లు ఒక్క చుక్క కూడా పనికిరాకుండా సముద్రంలో కలవకూడదన్న పరాక్రమబాహు మాటను హేగ్ రికార్డులకెక్కించారు. ఆయన కడప జిల్లా వచ్చి ఉంటే పోరుమామిళ్ల చెరువు శాసనాన్ని కూడా ఎక్కించేవారేమో. 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనం చెరువు కట్టడానికి ఎలాంటి చోటు కావాలో, ఏయే దోషాలు ఉండకూడదో వరసగా చెబుతుంది.

సరే, అసలు సంగతికి వస్తాను. మన తుంగభద్ర గొడవలు డాన్యూబ్ కన్నా చిన్నవేమీ కాదు. తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్టకు 15.9 టీఎంసీలు రాసిచ్చినా, తూముల గుండా నీళ్లు కేసీ కెనాల్‌కు జారిపోతున్నాయని అవతలి గట్టున అలంపురం రైతులు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. వాళ్ల దృష్టిలో చివరి ఆయకట్టు వాళ్లది, నీళ్లు జారగొట్టుకునే మోసగాళ్లం మేము. మా చిన్నాయనకు ఈ మాట చెబితే కోపం వస్తుంది. అయినా ఎంత గొడవపడ్డా డ్యాం దగ్గర తుంగభద్ర బోర్డు ఉంది. రాష్ట్రాలు ఇన్ని నీళ్లు కావాలని ఇండెంట్ పెట్టాలి, నీళ్లు తగ్గితే దామాషా పద్ధతిలో కోత పడుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయి నీళ్లు వృథాగా పోతున్నప్పుడు కూడా, మిగిలినదాన్ని ఎలా పంచుకోవాలనే పద్ధతి ముందే రాసి ఉంది. బోర్డు మీద మా వాళ్లకు వంద ఫిర్యాదులు ఉన్నాయి. ఫిర్యాదు చెప్పుకోవడానికి ఒక బోర్డంటూ ఉండటం ఎంత పెద్ద సంగతో డాన్యూబ్ కథ చదివాకే నాకు అర్థమైంది.

ఉరుగ్వే నది కేసులో ఈ తేడా కళ్లకు కడుతుంది. ఉరుగ్వే తన ఒడ్డున కాగితపు గుజ్జు మిల్లులకు అనుమతి ఇచ్చింది, ఎదురు ఒడ్డు అర్జెంటీనా జనం మూడేళ్లకు పైగా వంతెన మీద బైఠాయించారు. 2010లో కోర్టు, ముందుగా చెప్పాల్సింది చెప్పకపోవడం ఉరుగ్వే తప్పేనని, నది పాడైందనడానికి మాత్రం రుజువు లేదని తేల్చింది. ఇలాంటి పనులకు ముందుగా పర్యావరణ ప్రభావ అంచనా వేయడం ఇక ఒప్పందాలతో పనిలేకుండా దేశాలన్నిటికీ బాధ్యతేనని కూడా అంది. సైన్సును కోర్టు సరిగా పరీక్షించలేదని ఇద్దరు జడ్జీలు గట్టిగానే విభేదించారు. రెండు దేశాల సైంటిస్టులూ లాయర్ల పక్కన నిలబడి వాదిస్తే జడ్జీలు ఎవర్ని నమ్మాలి? అయితే ఆ నదికి 1975 నుంచి ఉమ్మడి కమిషన్ ఉండబట్టి, తీర్పు వచ్చిన ఏడాదే దాని కింద రెండు దేశాల సైంటిస్టుల బృందం కలిసి నీళ్లు పరీక్షించేలా ఒప్పుకున్నారు. సింగపూర్ సముద్రంలో మట్టిపోసి నేల పెంచుకుంటోందని మలేషియా కేసు వేసినప్పుడు కూడా, 2003లో సముద్ర ట్రిబ్యునల్ ఉమ్మడి నిపుణుల బృందం వేసుకోమంది. వాళ్ల రిపోర్టు మీదనే 2005లో రాజీ కుదిరింది.

డబ్బు విషయం చూద్దాం. పర్యావరణానికి జరిగిన నష్టానికి హేగ్ కోర్టు మొట్టమొదటిసారి వెలకట్టింది 2018లోనే. కోస్టారికా, నికరాగ్వా సరిహద్దులో సాన్ హువాన్ నది సముద్రంలో కలిసే చోట చిన్న తడినేల ఉంది. 2010లో నికరాగ్వా సైనికులు అక్కడ దిగి కాలువ తవ్వారు. వాళ్ల కమాండర్ గూగుల్ మ్యాప్ చూపించి ఇది మాదే అన్నాడు. ఆ మ్యాప్‌లో గీత తప్పని తర్వాత గూగులే ఒప్పుకుంది. ఆ తవ్వకంలో దాదాపు 300 చెట్లు పోయాయి, 6.19 హెక్టార్ల పచ్చదనం ఊడ్చుకుపోయింది. తవ్వకం ఆపమని 2011లో కోర్టు చెప్పింది. 2013లో శాటిలైట్ ఫొటోల్లో ఇంకో రెండు కాలువలు బయటపడ్డాయి!

కోస్టారికా మొత్తం 67 లక్షల డాలర్ల దాకా అడిగింది. కోర్టు ఇచ్చింది 3,78,890 డాలర్ల 59 సెంట్లు. అందులో చెట్లు, తడినేల చేసే మేలు పోయినందుకు 1,20,000. తడినేలను మళ్లీ బాగుచేసుకోవడానికి 2,708. పర్యవేక్షణకు, విమానాలకు, శాటిలైట్ ఫొటోలకు అయిన ఖర్చుల కింద 2,36,032. మిగిలింది వడ్డీ. ప్రకృతికి కట్టిన వెల కన్నా దాన్ని చూసి రావడానికైన ఖర్చే దాదాపు రెండింతలు. మనకు పంట నష్టపరిహారం వచ్చినప్పుడు జిరాక్సులకూ ఆటోకూ అయిన ఖర్చు లెక్కేసుకుని నవ్వుకుంటామే, అలాగుంది. కానీ నికరాగ్వా గడువు లోపే ఆ డబ్బు కట్టేసింది. ఇదే దేశం 1986లో అమెరికా మీద కేసు గెలిచింది, అప్పుడు అమెరికా పైసా విదల్చలేదు. తీర్పు అమలు చేయించండని భద్రతామండలికి వెళితే అమెరికాయే వీటో చేసింది. హేగ్ తీర్పులకు చట్టం రాసిచ్చిన లస్కరు భద్రతామండలే. తాళం చెవి ఐదుగురి చేతుల్లో ఉంది.

మరి గెలుపోటములను ఎలా కొలవాలి? ఆస్ట్రేలియా 2014లో జపాన్ మీద తిమింగలాల కేసు గెలిచింది. పరిశోధన పేరుతో అంటార్కిటిక్‌లో సాగుతున్న వేటకు లైసెన్సులు చెల్లవని 12 మంది జడ్జీలు అన్నారు, నలుగురు కాదన్నారు. జపాన్ ఒక సీజన్ ఆగి, పేరు మార్చి కొత్త కార్యక్రమంతో మళ్లీ వెళ్లి 333 తిమింగలాలను చంపింది. ఇలాంటి కేసుల్లో కోర్టుకు రామని తన ముచ్చలికలో ఒక మినహాయింపు చేర్చుకుంది. 2019లో తిమింగలాల కమిషన్ నుంచే బయటికి పోయి తన సముద్రంలో వ్యాపార వేట మొదలుపెట్టింది. గెలిచిన కేసు ఇలా అయింది. అయినా జపాన్ ఓడలు ఇప్పుడు అంటార్కిటిక్ వైపు పోవడం లేదన్నది కూడా నిజం.

ఫ్రాన్స్ కథ తిరగేసి చెప్పాలి. పసిఫిక్‌లో ఆకాశంలో అణుపరీక్షలు ఆపాలని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ 1973లో వెళితే, కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఫ్రాన్స్ హాజరుకాలేదు, పరీక్షలు ఆపలేదు. కానీ కేసు నడుస్తుండగానే ఇకపై ఆకాశంలో చేయబోమని ప్రకటించింది. మాట ఇచ్చారు కాబట్టి తేల్చడానికేమీ మిగల్లేదని 1974లో కోర్టు ఫైలు మూసింది. కేసు వేసినవాళ్లు గెలవలేదు, వాళ్లు అడిగింది దొరికింది. భూగర్భ పరీక్షలు మాత్రం 1996 దాకా సాగాయి.

అందుకే ఈ కోర్టులు దండగ అనే మాట నేను ఒప్పుకోను. 2025 జూలై 23న హేగ్ కోర్టు వాతావరణ మార్పు మీద ఇచ్చిన సలహా అభిప్రాయం సంగతే చూడండి. పసిఫిక్ దీవుల్లోని లా విద్యార్థులు 2019లో మొదలుపెట్టిన ప్రయత్నాన్ని వనువాటు అనే చిన్న దేశం ఐక్యరాజ్యసమితి దాకా మోసింది. వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టపరమైన బాధ్యతని, తప్పితే నష్టపరిహారం దాకా పోవచ్చని జడ్జీలంతా ఏకగ్రీవంగా అన్నారు. ఇది సలహా మాత్రమే, ఎవర్నీ కట్టేయదు. విచారణలో మన దేశం ఇప్పటికే ఉన్న ఒప్పందాలు దాటి కొత్త బాధ్యతలు మోపొద్దని వాదించింది. ఎక్కువ పొగ వదిలినవాళ్లు వేరే ఉన్నారన్న మన వాదనలో న్యాయం ఉంది. కానీ వరుస కరువులతో ఎండే అనంతపురం వేరుశనగ రైతు తరఫున ఆలోచిస్తే, మనం వాదించాల్సింది వనువాటు పక్కన నిలబడి కదా అని కూడా నాకు అనిపించింది.

ఇవన్నీ చిన్నాయనకు ఒక రాత్రి మిద్దె మీద కూర్చుని చెప్పాను. ఆయనకు ఎక్కువగా పట్టింది కిషన్‌గంగ కేసు. కశ్మీర్‌లో ఆ నది నీళ్లను సొరంగం గుండా మళ్లించి మనం 330 మెగావాట్ల కరెంటు ప్రాజెక్టు కట్టాం. కింద తమ వైపు నది ఎండిపోతుందని 2010లో పాకిస్తాన్ 1960 నాటి సింధు ఒప్పందం కింద ఆర్బిట్రేషన్‌కు పోయింది. 2013లో తీర్పొచ్చింది. నీళ్లు మళ్లించుకోవచ్చు, అయితే ప్రాజెక్టు కింద నదిలో ఎప్పుడూ కనీసం 9 క్యూమెక్కులు, అంటే సెకనుకు 9 ఘనపు మీటర్లు వదలాలి. మన లెక్కలో దాదాపు 318 క్యూసెక్కులు. ఇద్దరికీ కొంత దక్కింది, ఇద్దరూ కొంత వదులుకున్నారు. "మాట్లాడుకోండి" అని చేతులు దులుపుకోకుండా అంకె వేసిన తీర్పు ఇది.

"అది బాగుంది" అన్నాడు చిన్నాయన. "అంకె ఉంటే గేజి పెట్టొచ్చు. ఆ లెక్క చూసేదెవరు?"

రెండు దేశాల సింధు కమిషనర్లు లెక్కలు ఇచ్చిపుచ్చుకుంటారని, ఏడాదికోసారైనా కూర్చుంటారని ఒప్పందంలో ఉందని చెప్పాను. పహల్గామ్ దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో మన దేశం ఆ ఒప్పందాన్నే నిలిపివేసిందని, అయినా మా అధికారం మాకుందని జూన్‌లో ఆర్బిట్రేషన్ కోర్టు అంటే, అసలు ఆ కోర్టునే గుర్తించబోమని మనం అన్నామని కూడా చెప్పాను.

"అంటే ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదా?"

"లేదు."

ఆయన ఏమీ అనలేదు. టార్చిలైటు తీసుకుని, కాలువలో నీళ్లేమైనా వచ్చాయేమో చూసొస్తానని మెట్లు దిగిపోయాడు.